స్టార్‌షిప్ ట్రూపర్స్: ఫాసిజాన్ని ఎండగట్టిన సినిమానా, తలకెక్కించిన సినిమానా?

నీలిమ_గుంటూరు
1997లో వచ్చిన స్టార్‌షిప్ ట్రూపర్స్ చూసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? పాల్ వెర్హోవెన్ తీసింది. రాబర్ట్ హైన్‌లైన్ 1959లో రాసిన నవల ఆధారం. భవిష్యత్తులో మనుషులకీ గ్రహాంతర పురుగులకీ యుద్ధం, సేవ చేసినవాళ్ళకే పౌరసత్వం, ఓటు ఉండే రాజ్యం, అందులో సైన్యంలో చేరే రికో అనే కుర్రాడి కథ. ఈమధ్యే నవల చదివి, ఆ ఊపులోనే సినిమా చూశాను. అప్పట్నుంచీ మా స్నేహితుల్లో ఇదే గొడవ. ఒకడు "అది నాజీ సినిమా, ఆ యూనిఫారాలు చూడలేదా" అంటాడు. ఇంకొకామె "కాదు, నాజీలని ఎండగట్టిన సినిమా" అంటుంది. మూడోవాడికి పురుగులు పేలిపోతే చాలు.

నా బాధ వేరు. చివర్లో పురుగుల్ని నడిపించే మెదడు పురుగుని బంధించి తెచ్చాక, రికో స్నేహితుడు కార్ల్ దాని మీద చెయ్యి ఆనించి "ఇది భయపడుతోంది!" అని అరుస్తాడు. సైనికులంతా గంతులేస్తారు. ఆ క్షణాన నాకూ ఒళ్ళు పులకరించింది. కట్టేసిన ప్రాణి భయపడుతోందని తెలిస్తే సంబరమెందుకు? నిజంగా ఎండగట్టే సినిమా అయితే చూసేవాళ్ళకి అక్కడ కడుపులో దేవాలి కదా? మీరేమంటారు?

సినీపిచ్చోడు
ఆ పులకరింత మీకు కలగాలనే తీశాడండీ. సినిమా మొదలవ్వడమే సైన్యంలో చేరమనే ప్రకటనతో మొదలవుతుంది. బారులు తీరిన సైనికులు, ఒక్కొక్కరే కెమెరా వైపు చూసి "నా వంతు నేను చేస్తున్నా" అనడం. ఆ షాట్లు లెనీ రీఫెన్‌స్టాల్ తీసిన ట్రయంఫ్ ఆఫ్ ద విల్ నుంచి తెచ్చుకున్నవి. 1934 న్యూరెంబర్గ్ నాజీ సభల మీద తీసి 1935లో విడుదల చేసిన ప్రచార చిత్రం అది. వెర్హోవెన్ ఎక్కడా దాచుకోలేదు, ఇంటర్వ్యూల్లో తనే చెప్పాడు.

అంటే మనం చూసేది ఆ ప్రభుత్వం గురించిన సినిమా కాదు. ఆ ప్రభుత్వమే తీయించుకున్న సినిమా. అందులో ప్రభుత్వాన్ని విమర్శించే పాత్ర ఎందుకుంటుంది?

గేమర్_చింటూ
నేను హెల్‌డైవర్స్ 2 ఆడి ఆ తర్వాత ఈ సినిమాకొచ్చా. 2024లో వచ్చిన గేమ్. పురుగుల్ని చంపుతూ ప్రజాస్వామ్యం పేరు చెప్పి కేకలు పెట్టడమే పని. మా గ్యాంగ్‌లో సగంమందికి అది వెక్కిరింపని తెలుసు, మిగతావాళ్ళకి తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు. అయినా అందరం ఒకటే కేక వేస్తాం 😀

పుస్తకాల_బీరువా
@సినీపిచ్చోడు, ఇది మంచి సమర్థనే కానీ నవలకి అన్యాయం చేస్తోంది. వెర్హోవెన్ పుస్తకం పూర్తిగా చదవలేదు. రెండు మూడు అధ్యాయాలతో విసుగెత్తి వదిలేశానని, మిగతా కథని స్క్రిప్టు రచయిత ఎడ్వర్డ్ న్యూమైయర్‌ని అడిగి తెలుసుకున్నానని ఆయనే చెప్పాడు. పైగా ఆ స్క్రిప్టు మొదట వేరే పేరుతో, వేరే కథగా మొదలైంది. నవలతో పోలికలు ఉన్నాయని తర్వాత హక్కులు కొన్నారు. చదవని పుస్తకాన్ని ఫాసిస్టు అని తేల్చేయడం నాకు మింగుడుపడదు.

నవలలో నియంత లేడు. ఒకే పార్టీ అని లేదు. నిర్బంధ సైనిక సేవ లేదు, అంతా స్వచ్ఛందం. ఇష్టం లేకపోతే మధ్యలో వదిలేసి ఇంటికి పోవచ్చు. మాట్లాడే హక్కు, ఆస్తి, వ్యాపారం అందరికీ ఉన్నాయి. సేవ ముగించినవాళ్ళకి మాత్రమే ఓటు, అదొక్కటే తేడా. అది కూడా సేవలో ఉన్నంతకాలం ఓటు లేదు, బయటికొచ్చాకే. అంగవైకల్యం ఉందని ఎవరినీ తిప్పి పంపకూడదు. కళ్ళు లేని మనిషి చక్రాల కుర్చీలో వచ్చినా ఏదో ఒక పని వెతికి ఇవ్వాలి, గొంగళిపురుగు నూగు తడిమి లెక్కపెట్టే పనైనా సరే, అని అందులో డాక్టరు అంటాడు. వికలాంగుల్ని చంపించిన నాజీ రాజ్యంతో దీన్ని ఎలా పోలుస్తారు?

ఎర్రమందారం
బీరువా గారూ, ఆ "ఒక్కటే తేడా"లోనే అంతా ఉంది. ఓటు లేని మనిషికి మాట్లాడే హక్కు ఎవరి దయ మీద నిలుస్తుంది? రేపు పాలకులు తీసేస్తామంటే ఏం పెట్టి ఆపుతాడు?

ఇంకోటి. ఆ పుస్తకానికి అసలు పగ ఫాసిజం మీద కాదు, కమ్యూనిజం మీద. పురుగుల సమాజాన్ని చూపించి, పరిణామక్రమంలో దానికి తగ్గట్టు తయారైన జీవులు ఆచరిస్తే సంపూర్ణ కమ్యూనిజం ఎంత సమర్థంగా పనిచేస్తుందో ఖరీదు కట్టి నేర్చుకుంటున్నామని కథానాయకుడి చేత అనిపించాడు. పాఠం చెప్పే మాస్టారు మార్క్సు విలువ సిద్ధాంతాన్ని క్లాసులో చీల్చి చెండాడతాడు. ఎదురు మాట్లాడే విద్యార్థి ఉండడు. 1958లో అణుపరీక్షలు ఆపాలని శాంతివాదులు పత్రికా ప్రకటన ఇస్తే, దానికి ఎదురుగా హైన్‌లైన్ సొంతంగా ప్రకటన వేయించాడు. రాస్తున్న వేరే నవల పక్కన పెట్టి ఇది రాశాడు. పుట్టుకే అది.

ఓరుగల్లు_శ్రీను
అన్నా గిదంత నాకు తెల్వది గని, చిన్నప్పుడు టీవీల చూసిన. మా బాపు పక్కన కూసొని "గీ పిల్లలకు ఏం పుట్టిందిరా, ఊరికెనే పోయి సస్తున్రు" అన్నడు. అప్పుడు నాకు కోపమొచ్చింది, హీరోను గట్ల అంటున్నడని. ఇప్పుడు మళ్ల చూస్తే బాపు మాటనే కరెక్టనిపిస్తది. క్లెండాథూ అనే పురుగుల గ్రహం మీద దిగిన్రు, గంటల లక్ష మంది సచ్చిన్రు. ఆకాశ సేనాధిపతి రాజీనామా చేసిండు, ఇంకో ఆమె వచ్చింది, అంతే. ఎవ్వడు గూడ "యుద్ధం ఎందుకు" అని అడగడు. "ఎట్ల గెలుస్తం" అనే అడుగుతరు.

నీలిమ_గుంటూరు
@ఓరుగల్లు_శ్రీను మీ నాన్నగారు ఒక్క వాక్యంలో చెప్పేశారు.

అడిగినవాడు ఒకడున్నాడు నిజానికి. దాడికి ముందు ఒక విలేకరి కెమెరా ముందు అంటాడు, మనుషులే పురుగుల ప్రాంతంలోకి చొరబడి రెచ్చగొట్టారనీ, బతకనిచ్చి బతుకుదామనీ కొందరు అంటున్నారని. పక్కనే ఉన్న రికో అడ్డం పడి "నాది బ్యూనస్ ఎయిర్స్, అన్నిటినీ చంపేయండి అంటున్నా నేను" అని అరుస్తాడు. నాశనమైన ఆ ఊళ్ళో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న కుర్రాడు. వాడి దుఃఖం ముందు ఆ ప్రశ్న నిలబడలేదు. మళ్ళీ సినిమా మొత్తం మీద ఆ మాట వినపడదు.

లెక్కలమాస్టారు
బ్యూనస్ ఎయిర్స్ మీద పడిన గ్రహశకలం సంగతి ఎవరూ ఎత్తలేదే. సినిమాలో వార్తల బొమ్మ ప్రకారం పురుగుల గ్రహం పాలపుంతలో మనకి ఎక్కడో అవతల ఉంది. పాలపుంత వ్యాసం సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. ఒక రాయిని అక్కడ్నుంచి విసిరితే, కాంతి వేగంతో వచ్చినా వేల ఏళ్ళు పడుతుంది. రాయి కాంతి వేగంతో రాదు. మనిషి పుట్టకముందే గురి పెట్టి ఉండాలి.

ప్రభుత్వం "పురుగులే పంపాయి" అంది. సాక్ష్యం? పురుగుల గ్రహం చుట్టూ తిరిగే రాళ్ళ బొమ్మ ఒకటి. జనం నమ్మారు.

సినీపిచ్చోడు
మాస్టారూ, హాలీవుడ్ వాళ్ళు దూరాలు లెక్కగట్టి సినిమాలు తీస్తారా? అజాగ్రత్త కూడా అయ్యుండొచ్చు. ప్రభుత్వమే నగరాన్ని నాశనం చేసిందన్నది అభిమానులు అల్లుకున్న కథ. సినిమాలో దానికి ఆధారం లేదు. రికో స్నేహితురాలు కార్మెన్ నడిపే నౌక దారిలో ఆ రాయి ఎదురుపడి, తృటిలో తప్పుకుంటారు. నౌక దెబ్బతిని సమాచార వ్యవస్థ పోతుంది, భూమికి కబురు అందదు. అంతవరకే చూపించారు.

లెక్కలమాస్టారు
ప్రభుత్వమే చేసిందని నేననలేదు. లెక్క ఎవరూ అడగలేదు అన్నాను. బళ్ళో పిల్లలకి పాఠం చెప్పే మాస్టారు కూడా అడగలేదు.

మాధవరం_సుబేదార్
ఆర్టిలరీ రెజిమెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. తాడేపల్లిగూడెం దగ్గర మా ఊరిని మిలిటరీ మాధవరం అంటారు, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషులు వెళ్ళిన ఊరు. మనవడు ఈ చర్చ చూపిస్తే, వాడితో కూర్చుని ఆ సినిమా చూశాను. రెండు మాటలు చెప్తాను.

మొదటిది. అదేం యుద్ధం? శత్రువు గుట్టలు గుట్టలుగా వస్తుంటే ఫిరంగి లేదు, ట్యాంకు లేదు, దిగేముందు బాంబులేసి నేలని మెత్తబరచడం లేదు. రైఫిళ్ళు పట్టుకుని పిల్లలు పరిగెడుతున్నారు. ఏ కమాండరైనా ఇలా పంపితే కోర్టు మార్షల్ చేయాలి. ట్రైనింగు కొంతవరకూ నిజం. మా ఉస్తాద్ కూడా పిట్టూ (వీపున మోసే బరువు సంచి) వేయించి చుక్కలు చూపించేవాడు. కానీ మా ఉస్తాద్ ఎప్పుడూ మా చెయ్యి విరగ్గొట్టలేదు, అరచేతిలో కత్తి దించలేదు. ఆ సినిమాలో రెండూ చేసి చూపించారు, పక్కనున్న పిల్లలు కళ్ళప్పగించి చూస్తున్నారు.

రెండోది ఓటు సంగతి. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ పోస్టల్ బ్యాలెట్ వేశాను, ఇప్పుడు వరసలో నిలబడి వేస్తున్నాను. మా ఊళ్ళో ఇంటికొకరు సైన్యంలో చేసినవాళ్ళే. ఓటు మాకు మాత్రమే ఉండాలని ఒక్క సుబేదారు నోట నేను వినలేదు. మేము కాపలా కాసింది ఎవరికి? పొలం దున్నే మా తమ్ముడికి, పిల్లల్ని పెంచిన మా ఇంటిదానికి. వాళ్ళకి లేని ఓటు నాకెందుకు?

ఎర్రమందారం
సుబేదారు గారికి చేతులెత్తి నమస్కారం. హైన్‌లైన్‌కి ఈ మాట ఎదురుగా చెప్పేవాళ్ళు ఉండాల్సింది.

పుస్తకాల_బీరువా
సుబేదారు గారి మాట కాదనలేను. కానీ రికార్డు కోసం ఒకటి: హైన్‌లైన్ 1980లో తన పాత రచనల సంకలనంలో దీనికి జవాబు రాశాడు. ఓటున్న మాజీ సేవకుల్లో 20 మందిలో 19 మంది సైన్యంలో చేసినవాళ్ళు కాదనీ, మామూలు ప్రభుత్వ కొలువుల్లాంటివి చేసినవాళ్ళేననీ. ఆయన తనూ నావికాదళం మనిషే. 1929లో అన్నాపొలిస్ అకాడెమీలో పట్టా తీసుకుని, క్షయ వల్ల 1934లో బయటికొచ్చాడు. అదే ఏడాది కాలిఫోర్నియాలో సోషలిస్టు రచయిత అప్టన్ సింక్లెయిర్ పేదరిక నిర్మూలన ప్రచారంలో పనిచేశాడు. పుట్టుకతో మితవాది ఏమీ కాదు.

నీలిమ_గుంటూరు
ఆ 20లో 19 సంగతి నేను నవలలో వెతికాను. కథలో కనిపించేది మాత్రం అంతా సైన్యమే. రికో చేరేది సైన్యం, పాఠం చెప్పేది రిటైర్డ్ కల్నల్, ఓటు ఎందుకు కావాలో తేల్చేది సైనికుల తరగతి గది. ఇరవై ఏళ్ళ తర్వాత రచయిత చెప్పిన లెక్క పుస్తకంలో ఎక్కడ కనపడుతుంది?

డాలస్_పద్మజ
సినిమాలో ఆ స్నానాల గదిలో మాటలు గుర్తున్నాయా? ఆడా మగా కలిసే ఉంటారు. ఎందుకు చేరావంటే ఒకడు హార్వర్డ్ చదువు ఖర్చు ప్రభుత్వం పెడుతుందని అంటాడు. ఒకమ్మాయి రాజకీయాల్లోకి వెళ్ళాలంటే పౌరసత్వం కావాలంటుంది. ఇంకో అమ్మాయి పిల్లల్ని కనాలి, పౌరులకైతే లైసెన్సు తేలిగ్గా దొరుకుతుంది అంటుంది. పిల్లల్ని కనడానికి లైసెన్సు! నవ్వుతూ చెప్తుంది, ఎవరూ ఉలిక్కిపడరు. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఆ మాట పట్టించుకోలేదు, అక్కడ కెమెరా మన దృష్టిని వేరేచోట పెడుతుంది కదా.

ఇక్కడ అమెరికాలో కాలేజీ ఫీజు కోసం సైన్యంలో చేరే పిల్లల్ని చూస్తున్నాను. మా అబ్బాయి స్నేహితుడు అలాగే చేరాడు, మంచి పిల్లాడు. సినిమా ఎక్కడో భవిష్యత్తులో జరిగినా ఆ మాట మా వీధిలోదే.

కొత్తసభ్యుడు_అనంత
ఇంత పెద్ద చర్చా! నేను బొద్దింకల సినిమా అనుకుని వదిలేశా. చూడొచ్చంటారా?

సినీపిచ్చోడు
చూడండి. పిల్లలు పక్కన లేకుండా. బొద్దింకలు కూడా ఉన్నాయి, ప్రకటనలో బడిపిల్లలు దేశసేవ కింద వాటిని తొక్కి చంపుతుంటే వెనక ఒకామె చప్పట్లు కొట్టి నవ్వుతుంటుంది. పురుగుమందు కంపెనీవాళ్ళు ఈ సినిమాకి డబ్బులివ్వాల్సింది 😄

ఓరుగల్లు_శ్రీను
గా సీను నాకు మస్తు యాదికున్నది. నవ్విన అప్పుడు. పిల్లలకు సైనికులు తూటాలు పంచుడు గూడ ఉంటది.

ఎర్రమందారం
నవ్వులాటలో పడి అసలు ప్రశ్న మర్చిపోవద్దు. నాకు ఈ సినిమాతో ఒక పేచీ ఉంది. ఫాసిజం అంటే యూనిఫారం, గద్ద గుర్తు, పొడవాటి నల్ల కోటు, ఇంతేనా? దాని వెనక ఎవరి డబ్బుంది, కార్మిక సంఘాలు ఏమయ్యాయి, జైళ్ళలో ఎవరున్నారు? ఇవేవీ సినిమాలో లేవు. హిట్లర్ అధికారంలోకి రాగానే 1933 మే నెలలో చేసిన పని కార్మిక సంఘాల కార్యాలయాల్ని ఆక్రమించడం. అందమైన ముఖాలతో బొమ్మలు చూపిస్తే ఫాసిజం అర్థమైపోతుందా?

డాలస్_పద్మజ
ఒక రకంగా నాదీ ఎర్రమందారం గారి అనుమానమే, ఇంకో వైపు నుంచి. ఆ లోకంలో ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానం. నౌక నడుపుతారు, దళాల్లో పోరాడతారు, ఆకాశ సేనాధిపతి పదవిలోకి ఒక నల్లజాతి స్త్రీ వస్తుంది. నాజీలు ఆడవాళ్ళకి వంటిల్లు, పిల్లలు, చర్చి చాలన్నారు. జాతి పేరు చెప్పి లక్షల మందిని చంపారు. ఇక్కడ జాతి ద్వేషమే లేదు. మరి అది ఫాసిజం ఎలా అయింది?

నీలిమ_గుంటూరు
పద్మజ గారూ, నేను ఆగిపోయింది అక్కడే. మనుషుల మధ్య ద్వేషాలన్నీ తీసేసి మూట కట్టి ఒకేచోట పెట్టాడు, పురుగుల మీద. మనుషులంతా ఒకటైపోయారు, ఎందుకంటే అసహ్యించుకోవడానికి అందరికీ ఒకటే దొరికింది. నాజీలు యూదుల్ని ఎలుకలతో, పరాన్నజీవులతో పోల్చారు. ఇక్కడ పోల్చాల్సిన పని లేదు, శత్రువు నిజంగానే పురుగు. చూసే మనకి ఒక్క క్షణం కూడా జాలి పుట్టదు. అది పుట్టకుండా చేయడమే కదా ఆ ప్రచారానికి కావలసింది. మొదట్లో అడిగిన ప్రశ్నకి నాకు దొరుకుతున్న జవాబు కూడా ఇదేననుకుంటా: నాజీ శత్రువుని ఎలా చూస్తాడో మనల్ని ఆ కళ్ళతో రెండు గంటలు చూడనిచ్చాడు.

సినీపిచ్చోడు
భలే చెప్పారు. దీనికి తోడు ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో 1995లో ఫాసిజం లక్షణాల మీద రాసిన వ్యాసం చదవండి. ఫాసిస్టు ప్రచారంలో శత్రువు ఒకేసారి మరీ బలవంతుడూ మరీ బలహీనుడూ అంటాడు. సినిమాలో టీవీ చర్చ చూడండి. ఒకాయన "ఆలోచించే పురుగు అనే మాటే నాకు అవమానం" అంటాడు. బుర్ర లేని పురుగు, కానీ గెలాక్సీ అవతల నుంచి నగరాన్ని గురిచూసి కొట్టగలదు. రెండూ ఒకే వార్తల్లో చెప్తారు.

లెక్కలమాస్టారు
అదే నా లెక్క. 🙏

పుస్తకాల_బీరువా
నవల సినిమా పక్కపక్కన పెడితే నాకు గుచ్చుకునే మార్పు ఒకటి ఉంది. హింస ఏ సమస్యనీ తీర్చదని మా అమ్మ అంటుంది, అని క్లాసులో ఒకమ్మాయి అంటుంది. నవలలో మాస్టారు "కార్తేజ్ నగర పెద్దలకి ఆ సంగతి చెప్పు" అన్నట్టు జవాబిస్తాడు. సినిమాలో ఆ జవాబే "హిరోషిమా నగర పెద్దలు ఏమంటారో" అని మారింది. మిగతా తర్కం దాదాపు పుస్తకంలోదే. రోమన్లు కూల్చిన కార్తేజ్ అయితే మనం చరిత్రలా వింటాం. హిరోషిమా అనగానే గొంతు పట్టుకుంటుంది. ఈ ఒక్క మార్పుకి మాత్రం న్యూమైయర్‌ని మెచ్చుకోవాలి.

మెచ్చుకోలేనిది రికో విషయం. నవలలో వాడు ఫిలిప్పీన్స్ కుర్రాడు, ఇంట్లో తగలాగ్ మాట్లాడతారని చివర్లో బయటపడుతుంది. 1959లో అమెరికన్ పిల్లలు నవల అంతా తమలాంటి తెల్లవాడే అనుకుని చదివి, ఆఖర్న ఉలిక్కిపడాలని రాశాడు. సినిమాలో తెల్లగా మెరిసే కాస్పర్ వాన్ డీన్‌ని పెట్టారు.

సినీపిచ్చోడు
అది కావాలనే చేశాడు బీరువా గారూ, రీఫెన్‌స్టాల్ సినిమాల్లో కనిపించే ముఖాలు కావాలని. అయినా మీ బాధ అర్థమవుతుంది. ఆసియా కథానాయకుడు ఒకడు పోయాడు.

ఎర్రమందారం
వెర్హోవెన్ ఎక్కడివాడో చెప్పండి ఎవరైనా. అది తెలిస్తే నా పేచీకి కొంత జవాబు దొరుకుతుందేమో.

సినీపిచ్చోడు
1938లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు. జర్మన్ ఆక్రమణ కాలంలో, 1943 నుంచి ది హేగ్‌లో పెరిగాడు. జర్మన్లు అక్కడ్నుంచే వీ2 రాకెట్లు వదిలేవాళ్ళు, వాటిని కొట్టడానికి మిత్రపక్షాల విమానాలు వచ్చేవి. 1945 మార్చి 3న బ్రిటిష్ విమానాల బాంబులు గురితప్పి బెజౌడెన్‌హౌట్ అనే పేట మీద పడ్డాయి, వందల మంది డచ్ జనం పోయారు. ఆరేళ్ళ పిల్లాడిగా శవాలు, మంటలు చూశానని చెప్పుకున్నాడు. అదే సమయంలో పిల్లాడికి యుద్ధం ఉత్సాహంగా కూడా అనిపించిందన్నాడు. ఈ రెండో మాటే నాకు ముఖ్యం. యుద్ధం భయంకరం అని మాత్రమే తెలిసినవాడు ఈ సినిమా తీయలేడు.

ఎర్రమందారం
ఇది బలమైన మాట. పేచీ పూర్తిగా వదల్లేదు గానీ, సినిమా మళ్ళీ చూస్తాను.

ఒక్కటి మాత్రం స్పష్టంగా చెప్పనివ్వండి. ఇలాంటి చర్చలన్నీ చివరికి "నాజీలూ కమ్యూనిస్టులూ ఒకటే" అనే చోటికి వచ్చి ఆగుతాయి. నాజీ పాలననీ స్టాలిన్ పాలననీ పక్కపక్కన పెట్టిన హానా ఆరెంట్ 1951 పుస్తకం దగ్గర్నుంచీ ఇదే పాట. బెర్లిన్ దాకా నడిచి హిట్లర్ కథ ముగించింది ఎర్రసైన్యం. స్టాలిన్‌గ్రాడ్ పేరు వింటే మా నాన్న తరం వాళ్ళ కళ్ళు చెమర్చేవి. రెండిటినీ ఒకే గాటన కట్టడానికి నేను ఒప్పుకోను.

పుస్తకాల_బీరువా
స్టాలిన్‌గ్రాడ్ ముందు నేనూ తలవంచుతాను. కానీ ఆ యుద్ధాన్ని కందకాల్లోంచి రాసిన వసీలీ గ్రోస్‌మన్ గతి ఏమైంది? ఎర్రసైన్యం పత్రికకి విలేకరిగా స్టాలిన్‌గ్రాడ్‌లో ఉన్నాడు. తల్లిని 1941లో బెర్దిచేవ్‌లో నాజీలు చంపారు. ఆయన రాసిన లైఫ్ అండ్ ఫేట్ రాతప్రతిని 1961లో కేజీబీ వాళ్ళు ఇంటికొచ్చి పట్టుకుపోయారు. నవల అచ్చులో చూడకుండానే 1964లో పోయాడు. అందులో ఒక నాజీ అధికారి, తన ఖైదీ అయిన పాత బోల్షివిక్‌తో, మిమ్మల్ని చూస్తుంటే అద్దంలో చూసుకున్నట్టుంది అనే అర్థంలో మాట్లాడతాడు. ఆ బోల్షివిక్ ఆ మాటకి వణికిపోతాడు. రెండూ ఒకటే అని గ్రోస్‌మన్ తీర్పు చెప్పేయడు. ఆ మాట ఎందుకు వణికించిందో చూడమంటాడు.

ఎర్రమందారం
గ్రోస్‌మన్ మాట వేరు. ఆయన అక్కడ నిలబడి చూసి రాశాడు, తల్లిని పోగొట్టుకుని రాశాడు. పుస్తకాన్ని పట్టుకుపోవడం సిగ్గుచేటు, దాన్ని నేను ఎప్పుడూ సమర్థించను. నేను ఒప్పుకోనిది, ఎక్కడో కొలరాడోలో కూర్చుని ఒక ప్రజల్ని పురుగులుగా రాయడం.

నీలిమ_గుంటూరు
ఇక్కడే నాకు ఒకటి తట్టింది. హైన్‌లైన్ పురుగుల్లో కమ్యూనిజాన్ని చూశాడు. వెర్హోవెన్ అవే పురుగుల్ని ఉంచుకుని, వాటిని చంపే మనుషుల్లో ఫాసిజాన్ని చూశాడు. ఇద్దరూ భయపడింది ఒక్కదానికే, మనిషి గుంపులో కరిగిపోవడానికి. సినిమాలో కార్ల్ సంగతి చూడండి. బళ్ళో సరదాగా తిరిగిన స్నేహితుడు. చివరికి నల్ల కోటు వేసుకొచ్చి, తన స్నేహితుల దళాన్ని చావుకి ఎరగా పంపామని తనే చెప్తాడు. రోజూ వందల మందిని చావుకి పంపే నిర్ణయాలు చేస్తున్నానంటాడు. మనం ఒక జాతి కోసం పోరాడుతున్నాం, అంతా అంకెల లెక్క అంటాడు. పురుగుల సేనాపతికి నోరుంటే సరిగ్గా అదే మాట అనేది.

మాధవరం_సుబేదార్
అమ్మా, ఆ కార్ల్ దగ్గర నాకూ మండింది. కుర్రాళ్ళని పోగొట్టుకున్న ఆఫీసర్లని చూశాను. ఇంటికి ఉత్తరం రాయడానికి కలం పట్టుకుని కూర్చుని లేవలేని మనిషిని చూశాను. లెక్క అని ఒక్కడూ అనలేదు. ఆఖర్లో రికో దళంలోకి వచ్చిన కొత్త వాళ్ళు పాలబుగ్గల పిల్లలు. పెద్దవాళ్ళు అయిపోయాక పిల్లల్ని తెచ్చారు. 1945లో బెర్లిన్‌లో హిట్లర్ చేసిందీ అదే.

గేమర్_చింటూ
తాతగారూ, ఆ పాయింటు నేను అస్సలు గమనించలేదు. మా గేమ్‌లో కూడా చచ్చిపోతే వెంటనే ఇంకొకణ్ణి పైనుంచి దించుతారు. పేరు కూడా ఉండదు.

డాలస్_పద్మజ
1997లో ఇక్కడి విమర్శకులు చాలామంది వెర్హోవెన్‌ని సమర్థించలేదని కూడా చెప్పాలి. వాషింగ్టన్ పోస్ట్ సమీక్ష అయితే సినిమాకే నాజీ మనస్తత్వం అంటగట్టింది. 10 కోట్ల డాలర్లకు పైగా పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి 12 కోట్లు వచ్చాయి. ఆస్కార్‌కి విజువల్ ఎఫెక్ట్స్‌లో నామినేషన్ వచ్చింది, టైటానిక్ ఎగరేసుకుపోయింది. 2001 తర్వాత, ఇరాక్ యుద్ధం టీవీలో చూశాక, జనం దీన్ని మళ్ళీ తీసి చూశారు. టీవీ తెర కింద పరిగెత్తే ఆ వార్తల పట్టీ, జెండా, సంగీతం అన్నీ అప్పటికి మా ఇంట్లోకే వచ్చేశాయి.

ఓరుగల్లు_శ్రీను
మన తెలుగుల గిసొంటిది ఉన్నదా అక్కా? కంచె ఒక్కటే యాదికొస్తున్నది నాకు, 2015ల క్రిష్ తీసింది. నాజీల జాతి పిచ్చినీ, మన ఊళ్ళ కులం కంచెనూ పక్కపక్కన పెట్టిండు.

సినీపిచ్చోడు
కంచె బయట నుంచి చూసి "ఇది తప్పు" అని చెప్తుంది, సూటిగా. అది కూడా కావాలి. ఇది లోపల నుంచి చూపిస్తుంది. మనవైపు ఇలా లోపల నుంచి తీసే ధైర్యం ఇంకా ఎవరూ చేయలేదు. చేస్తే థియేటర్లో ఈలలు ఎక్కడ పడతాయో ఊహించుకుంటే భయమేస్తుంది.

ఎర్రమందారం
నా అసలు పేచీ అదే కదా బాబూ! ఈలలు పడతాయి. అర్థమైనవాడు ఇక్కడ చర్చిస్తాడు, కానివాడు ఈల వేసి ఇంటికి పోతాడు. విషం రుచి చూపించి ఇది విషం అని చివర్లో కూడా చెప్పకపోతే ఎలా?

నీలిమ_గుంటూరు
చెప్పి ఉంటే నేను ఈ ప్రశ్న ఇక్కడ పెట్టేదాన్ని కాదండీ. "అవును, తప్పు" అనుకుని టీవీ కట్టేసేదాన్ని. నా ఒళ్ళు పులకరించిందని నాకు తెలిసేది కాదు.

ఎర్రమందారం
మీకు తెలిసింది. తెలియనివాళ్ళ సంగతే నా దిగులు.

కొత్తసభ్యుడు_అనంత
సగం చూశాను, క్లెండాథూ దాకా. నిజం చెప్పాలంటే రికోతో పాటు నేనూ "చంపండి" అనుకున్నా. ఈ చర్చ చదివి కూర్చున్నా సరే అనుకున్నా.

పుస్తకాల_బీరువా
అనంత గారూ, మిగతా సగం అయ్యాక నవల కూడా చదవండి. తర్వాత జో హాల్డెమన్ 1974లో రాసిన ద ఫరెవర్ వార్ చదవండి. వియత్నాంలో గాయపడి వచ్చిన సైనికుడు ఆయన. అంతరిక్ష కవచాలు, గ్రహాంతర శత్రువు అన్నీ ఉంటాయి, కానీ ఇంటికి తిరిగొచ్చేసరికి లోకం మారిపోయి ఉంటుంది, తనెవరికీ అక్కర్లేదు. హైన్‌లైన్‌కి అసలైన జవాబు సినిమా కాదు, ఆ పుస్తకం అంటాను నేను.

సినీపిచ్చోడు
రెండూ జవాబులే. సరే, ఇది చూశారా: దర్శకుడు నీల్ బ్లామ్‌క్యాంప్ ఈ నవలనే మళ్ళీ తీస్తాడని 2025 మార్చిలో వార్త వచ్చింది, సోనీ వాళ్ళకి. వెర్హోవెన్ సినిమాకి రీమేక్ కాదు, నేరుగా పుస్తకం నుంచట.

పుస్తకాల_బీరువా
అయితే రికోని ఫిలిప్పీన్స్ కుర్రాడిగానే పెట్టాలి, నవలలో సైనికులు తొడుక్కునే ఆ యంత్ర కవచాలు కూడా ఉండాలి. 1997లో వదిలేసినవి ఆ రెండే నాకు తీరని లోటు.

మాధవరం_సుబేదార్
కవచాలతో పాటు నాలుగు ఫిరంగులు కూడా ఇమ్మనండి.

ఎర్రమందారం
నేరుగా పుస్తకం నుంచి తీస్తే ఆ మాస్టారి పాఠం కూడా ఉన్నదున్నట్టు వస్తుంది కదా. ఈసారి క్లాసులో లేచి ఎదురు ప్రశ్న అడిగే పిల్ల ఒక్కతైనా ఉంటుందా, లేదా? నేను టికెట్ కొనేది అది తెలిశాకే.